చూచివ్రాత పుస్తకంలో జ్వరం

చిన్నపిల్లలు మాటిమాటికీ కళ్ళు ఆర్పితే కంగారు పడకండి. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత నా కథ మొదలుపెడతాను. లేకపోతే ఇది చదివినవాళ్ళు ఇంట్లో పిల్లల మొహాల మీదికి టార్చిలైటు వేసి చూడ్డం మొదలుపెడతారు. చాలామంది పిల్లల్లో అది ఏమీ కాదు. కంట్లో దుమ్ము పడుతుంది, చూపు ఆనదు, ఒంటికి పడనిదేదో తగులుతుంది, పక్కవాణ్ణి చూసి అలవాటవుతుంది. కొన్నాళ్ళకి అదే పోతుంది.

మొన్న మా పక్కింటాయన తన మనవడి గురించి అడిగితే ఇదే చెప్పాను. ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించమని, ఆపైన మూడు ప్రశ్నలు అడిగాను. ఈ మధ్య గొంతునొప్పితో జ్వరం వచ్చిందాండీ? ఇప్పుడు సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందా? చేతిలో వస్తువులు జారిపోతున్నాయా? ఆయన మూడింటికీ లేదన్నాడు. అయితే నిశ్చింతగా ఉండండి అన్నాను.

ఆయన గుమ్మం దిగాక మా ఆవిడ వంటింట్లోంచి, "ఇంత బాగా అడగడం అప్పుడొచ్చుంటే బాగుండేది" అంది.

ఆరేళ్ళయింది. ఆవిడ జ్ఞాపకానికి ఏమాత్రం తుప్పు పట్టలేదు. ఆవిడన్నది నిజమే గనక కాగితం మీద పెడుతున్నాను.

నేను ఎలిమెంటరీ స్కూలు మాస్టర్ని. అప్పట్లో కొవ్వూరులో కాపురం, అక్కడికి ఐదు మైళ్ళలో ఒక పల్లెటూళ్ళో ఉద్యోగం. ఐదు తరగతులకి ఇద్దరు టీచర్లం. ఒకటీ రెండూ సత్యవతి గారివి, మిగతా మూడూ నావి. మా అమ్మాయి మాధవి ఆ ఏడు మూడో తరగతి, ఎనిమిదేళ్ళది. కొవ్వూరులో మెడకి టై కట్టించే కాన్వెంట్లు ఉన్నాయి. మా ఆవిడ వరలక్ష్మికి అక్కడ వేద్దామని ఉండేది. ఊరి పిల్లలకి సరిపోయిన నా చదువు నా పిల్లకి చాలదా అని నా పౌరుషం. సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నా స్కూలుకే తీసుకెళ్ళేవాణ్ణి.

స్కూలు గేటు దాటితే నేను నాన్నని కాదు, మాస్టార్ని. అది నేను పెట్టిన రూలు. అక్కడ నన్ను 'అండి' అనాలి. ఇంకో రూలు పైకి చెప్పలేదు గానీ పిల్లలందరికీ తెలుసు. మిగతావాళ్ళకి ఒక దెబ్బయితే మా అమ్మాయికి రెండు. మాస్టారి కూతురని గారం చేస్తున్నాడని ఊళ్ళో ఎవరూ అనకూడదు. మా నాన్నగారూ మాస్టారే, నన్నూ అలాగే చదివించారు. ఇది బడిపంతుళ్ళ ఇళ్ళల్లో తరతరాలుగా ఉండే జబ్బు. దీనికి మాత్రం ఇంకా మందు కనిపెట్టలేదు.

నాకున్న గర్వమల్లా చేతిరాత. నా దగ్గర చదివిన పిల్లల అక్షరాలు చూసి హైస్కూల్లో మాస్టర్లు, "మీరు ఫలానా ఆయన శిష్యులా?" అని అడిగేవారట. రోజూ ఒక పేజీ చూచివ్రాత. పైన అచ్చులో ఒక వాక్యం ఉంటుంది, కింద పిల్లలు దాన్ని పదిసార్లు చూసి రాయాలి. నేను ప్రతి పేజీ చూసి, ఎర్ర ఇంకుతో ఒక మాట రాసి, తేదీ వేసి సంతకం పెడతాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్కరోజు తప్పలేదు. ఈ సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది.

మొదటి జ్వరం కార్తీకమాసంలో వచ్చింది. మా అమ్మ మా దగ్గరే ఉండేది. నెలంతా తెల్లవారకుండా గోష్పాదం రేవుకి గోదావరి స్నానానికి వెళ్ళేది. మనవరాలు కూడా వస్తానని పేచీపెడితే రెండు రోజులు తీసుకెళ్ళింది. మూడోరోజు పిల్లకి గొంతునొప్పి, జ్వరం. మింగుడు పడక ఏడ్చింది. మా వీధిలో డాక్టరు గారు గొంతులో లైటు వేసి చూసి పదిరోజులకి మాత్రలు రాశారు. పదిరోజులూ వాడండి, మధ్యలో మానకండి అని రెండుసార్లు చెప్పారు కూడా.

మూడోరోజుకి జ్వరం దిగింది. నాలుగోరోజు పిల్ల వీధిలో ఆడుతోంది.

"ఒరే, జ్వరం లేని పిల్లకి మందేంట్రా? ఒళ్ళు వేడి చేస్తుంది" అంది మా అమ్మ.

నిజమేననిపించింది. మా ఇళ్ళల్లో వేడి చెయ్యడం కన్నా పెద్ద జబ్బు లేదు. మామిడిపండు వేడి, కోడిగుడ్డు వేడి, ఇంగ్లీషు మందు మరీ వేడి. మాత్రలు ఆపేసి నాలుగు రోజులు మజ్జిగ పోశాం. మిగిలిన మాత్రల అట్ట బీరువా మీద పెట్టాను. మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తాయని.

జనవరి మూడోవారం నుంచి కళ్ళు ఆర్పడం మొదలైంది. మామూలుగా ఆర్పడం కాదు. గబగబా నాలుగైదుసార్లు, గట్టిగా మూసి తెరిచేది. నుదురు ముడిపడేది. ఒక్కోసారి పెదవి ఒక పక్కకి లాగేది. నిద్రలో మాత్రం ఏమీ ఉండేది కాదు. నిద్రపోతున్న పిల్ల మొహం చూసి, మెలకువగా ఉన్నప్పుడు కావాలని చేస్తోందనే నిర్ణయానికి వచ్చాను. నిద్రలో అది ఆగిపోవడం గురించే తర్వాత ఒక డాక్టరమ్మ గారు వేరే మాట చెప్పారు.

ఇంట్లో తలా ఒక కారణం చెప్పారు. వరలక్ష్మి టీవీ అంది. కొత్తగా కలర్ టీవీ కొన్నాం, పిల్ల దానికి ముక్కు ఆనించి చూసేది. టీవీ మీద గుడ్డ కప్పేసింది. మా అమ్మ కడుపులో పురుగులంది, వాము నమిలించింది. అది కాదని తేలాక దిష్టి అంది, ఉప్పూ మిరపకాయలూ తీసింది. "ఆడపిల్లకి ఎడంకన్ను అదిరితే మంచిది, కుడికన్ను అదిరితే చెడ్డ. రెండూ కొట్టుకుంటుంటే ఏం చెప్పమంటార్రా?" అని ఆవిడ బాధ. నేనేమో మా తరగతిలో కళ్ళు చికిలించే అలవాటున్న ఇంకో పిల్లని చూసి నేర్చుకుందన్నాను. ఆ పిల్ల పక్కనించి మార్చి ముందు బల్లలో కూర్చోబెట్టాను. అంటే, నాకు స్కేలు అందేంత దగ్గర్లో.

రాజమండ్రి తీసుకెళ్ళి కళ్ళ డాక్టరుకి చూపించాం. ఆయన అక్షరాలు చదివించి, రెప్పలు మడతబెట్టి చూసి, చూపు బాగానే ఉందన్నారు. చుక్కల మందిచ్చారు. "కొంతమంది పిల్లలకి ఇదో అలవాటండీ. మీరు పట్టించుకోకపోతే అదే పోతుంది. ఇంకేమైనా కొత్తగా కనిపిస్తే మాత్రం తీసుకురండి" అన్నారు. ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. నేనే మొదటి సగం విని రెండో సగం వదిలేశాను.

సాయంత్రాలు పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉంటోందని వరలక్ష్మి రెండుమూడుసార్లు అంది. మోకాళ్ళు నొప్పులంటోంది అని కూడా అంది. ఎదిగే పిల్లలకి ఆ నొప్పులు ఉంటాయన్నాను. ఆ వెచ్చదనానికి మా వీధి డాక్టరు గారి దగ్గర సిరప్పు తెచ్చాం. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది, మంచి నవ్వేమీ కాదు. కళ్ళ సంగతి కళ్ళ డాక్టరుకి చెప్పాం. జ్వరం సంగతి జ్వరం డాక్టరుకి చెప్పాం. చేతిరాత పాడవుతున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. దానికి డాక్టర్ని నేనే అనుకున్నాను.

రాత నిజంగానే పాడయింది. ముత్యాల్లాంటి అక్షరాలు రాసే పిల్ల. గుడి దీర్ఘాలు పైకి ఎగిరిపోయాయి, కొమ్ములు కింది గీతలోకి దిగిపోయాయి. పెన్సిలు మాటిమాటికీ జారిపడేది. నేను రోజూ ఎర్ర ఇంకుతో మందు వేశాను. రెండుసార్లు రాయించాను, ఐదుసార్లు రాయించాను.

ఫిబ్రవరిలో ఒకరోజు, తరగతిలో అందరి ముందూ లేపి, "ఇదేనా రాయడం?" అని అడిగాను. మాధవి నా మొహంలోకి చూసి గబగబా కళ్ళు ఆర్పింది. మూతి వంకర తిప్పింది. పిల్లలు నవ్వారు. వాళ్ళు నవ్వేసరికి మాధవి కూడా పకపకా నవ్వింది. నన్ను వెక్కిరిస్తోందనుకున్నాను. చెయ్యి చాపమన్నాను. చాపిన చెయ్యి ఒకచోట నిలవలేదు, అటూ ఇటూ కదిలింది. తప్పించుకుంటోందని ఇంకా కోపమొచ్చింది. ఎడంచేత్తో దాని మణికట్టు పట్టుకుని కుడిచేత్తో స్కేలుతో కొట్టాను. రెండు కాదు, నాలుగు. నవ్వుతున్న పిల్ల అలాగే ఏడుపులోకి వెళ్ళింది. ఏడుస్తూ కూడా కళ్ళు ఆర్పింది.

దీన్ని మెత్తగా చెప్పడానికి ఈ ఆరేళ్ళలో చాలాసార్లు ప్రయత్నించాను. మెత్తగా చెప్పడానికి దాంట్లో ఏమీ లేదు.

ఆ సాయంత్రం స్కూలు తాళం వేస్తుంటే సత్యవతి గారు ఆగారు. నాకన్నా పదేళ్ళు చిన్న, ఎప్పుడూ నాకు ఎదురు చెప్పి ఎరగరు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. పాపకి ఒంట్లో బాలేదేమోనండి. ఇవాళ మధ్యాహ్నం అన్నం ముద్ద నోటి దాకా వెళ్ళలేదండి. నేనే కలిపి పెట్టాను."

"వేషాలండీ. తల్లి గారం."

"వేషాలైతే ఆకలేసినప్పుడు వెయ్యరు కదండీ" అన్నారావిడ.

నేను వినలేదు గనక ఆవిడ ఆదివారం నాడు బస్సెక్కి మా ఇంటికొచ్చి వరలక్ష్మితో చెప్పారు. అన్నం ముద్ద సంగతీ చెప్పారు, స్కేలు సంగతీ చెప్పారు. ఆవిడ వెళ్ళాక వరలక్ష్మి నాతో ఒక్కటే మాటంది. "రేపు మీరు తీసుకెళ్తారా, నన్ను తీసుకెళ్ళమంటారా?"

పొద్దున్నే మాధవి గౌను గుండీలు పెట్టుకోలేకపోవడం నేను మొదటిసారి నిలబడి చూశాను. పాలగ్లాసు ఒలికింది. నడుస్తుంటే కాలు ఎక్కడో పడుతోంది. ఇవన్నీ ఆ రోజే మొదలవలేదు. నేను చూడ్డం ఆ రోజు మొదలైంది.

కొవ్వూరు నుంచి రాజమండ్రికి బస్సులో వంతెన మీద వెళ్తుంటే మామూలుగా ఆ పిల్ల కిటికీ వదిలేది కాదు. ఆ రోజు తల నా భుజం మీద పెట్టుకుని పడుకుంది. భుజం మీద దాని చెయ్యి వేళ్ళు కదులుతూనే ఉన్నాయి.

దానవాయిపేటలో పిల్లల డాక్టరమ్మ గారి దగ్గర మాది ముప్పై ఒకటో నంబరు. లోపల పదకొండో నంబరు నడుస్తోంది. గోడవార బల్లలు, పైన కిర్రుమనే ఫ్యాను, ఎవరో ఒక పిల్ల ఏడుపు ఆపగానే ఇంకో పిల్ల అందుకోవడం. గంట గడిచింది. ఖాళీగా కూర్చోవడం నా వల్ల కాదు. స్కూలు సంచీ నేను వెంట తెచ్చానని మీరు ఊహించే ఉంటారు. చూచివ్రాత పుస్తకం తీసి దాని ఒళ్ళో పెట్టాను. ఒక్కరోజు కూడా తప్పకూడదు కదా. ఆ రోజు వాక్యం ఇప్పటికీ గుర్తుంది: 'శ్రద్ధగా చేసిన పని అందముగా ఉండును.'

నాలుగు అక్షరాలు రాసేసరికి పెన్సిలు జారింది. తీసిచ్చాను. మళ్ళీ జారింది.

"మాస్టారూ, పెన్సిలు పడిపోయిందండి" అంది మాధవి. పుస్తకం ఒళ్ళోకొచ్చేసరికి దానికి స్కూలైపోయింది, నేను మాస్టార్నయిపోయాను.

పక్కన ఒక పెద్దావిడ మనవణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చునుంది. రేవులో చేపలమ్మే మనిషి, ఆ సంగతి ఆవిడే చెప్పింది. ఆవిడ వంగి పెన్సిలు తీసి, పిల్లకివ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

"ఎవరి బిడ్డండీ, మాస్టారూ? ఆళ్ళ అమ్మా నాన్నా రాలేదాండీ? పాపం, మీరు తీసుకొచ్చారా?"

"నా కూతురే" అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది, పిల్ల చేతులు పట్టుకుని చూసింది. "ఒళ్ళు కాలిపోతుంటే రాయించడమేంటండీ బాబూ? రాత ఎక్కడికి పారిపోద్ది?" అంది. పెన్సిలు నాకివ్వలేదు. కొంగుముడి విప్పి ఒక పిప్పరమెంటు బిళ్ళ తీసి మాధవి నోట్లో పెట్టింది. పిల్ల చేత్తో అందుకోలేకపోతుందని ఆవిడకి అప్పుడే తెలిసింది మరి. తన నంబరు వచ్చినప్పుడు లేచి, "ఈ పాపని ముందు చూడమను బాబూ. మావాడిది ఉత్త దగ్గే" అని కాంపౌండరుతో చెప్పి మమ్మల్ని పంపించింది. ఆవిడ పేరు అడగాలని కూడా నాకు తోచలేదు.

డాక్టరమ్మ గారు కళ్ళ గురించి నేను చెప్పిందంతా విన్నారు. కళ్ళు చూడలేదు. నాలిక బయటపెట్టమన్నారు. పెట్టిన నాలిక పట్టుమని రెండు క్షణాలు నిలవకుండా లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత తన రెండు వేళ్ళూ పిల్ల గుప్పిట్లో పెట్టి గట్టిగా పట్టుకోమన్నారు. కాసేపయ్యాక నన్ను పిలిచి, "మీ వేళ్ళు పెట్టండి" అన్నారు. పెట్టాను. ఆ చిన్న గుప్పిట బిగుస్తోంది, వదులవుతోంది, మళ్ళీ బిగుస్తోంది.

"ఆవు పాలు పితుకుతున్నట్టు లేదూ?" అన్నారావిడ. "పాప చెయ్యట్లేదండీ ఇది. పాపకి తెలియకుండా జరుగుతోంది. నిద్రలో ఆగిపోతుంది, అవునా?"

అవునన్నాను.

"ఎప్పటినుంచి?"

నెల్లాళ్ళ నుంచేమో అన్నాను. సరిగ్గా చెప్పలేకపోయాను. ఆవిడ మాధవి ఒళ్ళో ఉన్న పుస్తకం అందుకున్నారు. ఒక్కొక్క పేజీ తిప్పుతూ నా ఎర్ర రాతలు పైకి చదివారు. మనిషిలో ఏ ఎత్తిపొడుపూ లేదు, పత్రిక చదువుతున్నట్టు చదివారు.

"జనవరి ఏడు, 'చాలా బాగున్నది'. జనవరి ఇరవై రెండు, 'అక్షరములు గుండ్రముగా లేవు'. ఫిబ్రవరి మూడు, 'గీత దాటుచున్నావు'. పది, 'నిర్లక్ష్యం'. పదమూడు, 'నిర్లక్ష్యం. మరల వ్రాయుము'. పందొమ్మిది, 'ఐదుసార్లు వ్రాయుము'." పుస్తకం మూశారు. "ఎప్పటినుంచో తెలియదంటారేంటండీ మాస్టారూ. రోజూ తేదీ వేసి సంతకం పెట్టారుగా. మా ఆసుపత్రుల్లో కేసు షీట్లు కూడా ఇంత శుభ్రంగా ఉండవు."

ఇప్పటికీ ఆ గదిలో నేనేం చేశానో సరిగ్గా గుర్తులేదు. మాధవి నా వేళ్ళు వదల్లేదన్నది గుర్తుంది.

కార్తీకంలో వచ్చిన గొంతు జ్వరం గురించి ఆవిడే అడిగారు. మాత్రలు నాలుగోరోజుకి ఆపేశామని చెప్పాను. గొంతులో వచ్చిన ఆ జ్వరాన్ని పూర్తిగా తగ్గించకపోతే కొద్దిమంది పిల్లల్లో కొన్ని వారాలకో నెలలకో కీళ్ళ మీదికీ, మెదడు మీదికీ, గుండె మీదికీ వస్తుందట. రుమాటిక్ జ్వరం అంటారట. కళ్ళు, చేతులు, నాలిక ఇలా కదలడం తగ్గిపోతుంది, దాని గురించి భయం లేదన్నారు. "గుండె సంగతి మాత్రం చూడాలి. స్టెతస్కోపులో చిన్న చప్పుడు వినిపిస్తోంది" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరి భయం ఆ చిన్న చప్పుడు చుట్టూ తిరిగింది.

వాకిట్లోకొచ్చేసరికి ఆ చేపలావిడ ఇంకా కూర్చునుంది. పెన్సిలు తెచ్చి నా జేబులో పెట్టింది.

మార్చి, ఏప్రిల్ మంచం మీద గడిచాయి. పిల్లని నడవనివ్వద్దన్నారు. గుండె పరీక్షకి కాకినాడ తీసుకెళ్ళాం. అక్కడ ఆసుపత్రి వరండాలో మూడుగంటలు కూర్చున్నాం. నేనూ వరలక్ష్మీ ఒకే బల్ల మీద, మధ్యలో సంచీ పెట్టుకుని. ఒక కవాటం దగ్గర కొంచెం లీకు ఉందన్నారు. పెరగకుండా ఉండాలంటే ఇంకెప్పుడూ ఆ గొంతు జ్వరం రాకూడదు, రాకుండా ఉండాలంటే మూడువారాలకొకసారి ఇంజెక్షను, కొన్నేళ్ళపాటు. కొన్నేళ్ళంటే ఎన్నండీ అని వరలక్ష్మి అడిగింది. పెళ్ళీడు వచ్చేదాకా అనుకోండమ్మా అన్నారు.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. తెల్లారకుండా నీళ్ళల్లో ముంచడం వల్లే ఇదంతా అని వరలక్ష్మి అత్తగారితో మాట్లాడ్డం మానేసింది. మా అమ్మ అన్నం సగం తినేసి లేచిపోయేది. చివరికి నేను డాక్టరమ్మ గారినే అడిగాను. "గోదావరికి ఏ పాపం తెలియదండీ. పక్కపిల్ల దగ్గినా వస్తుంది" అన్నారు. అంటే నా తరగతిలోంచే వచ్చుండొచ్చు. ఆ మాట ఇంటికొచ్చి చెప్పాను. మాత్రలు ఆపమన్నది అమ్మే అయినా ఆపింది నేనని కూడా చెప్పాను. ఆ రాత్రి వరలక్ష్మి మా అమ్మ కంచంలో రెండోసారి కూర వడ్డించింది. అంతకన్నా రాజీ మాటలేమీ జరగలేదు.

నాతో మాత్రం రాజీ లేదు. ఒకరోజు చూచివ్రాత పుస్తకాన్ని పొయ్యిలో పెట్టబోతే వరలక్ష్మి లాక్కుంది. దానికి కొత్త అట్టవేసి, నా బీరువాలో నా చొక్కాల కింద పెట్టింది. "ఉండనివ్వండి. ఇంకో పిల్లని లేపి నిలబెట్టేముందు ఒకసారి చూసుకుందురుగాని" అంది.

కొవ్వూరులో ఇంజెక్షను చేసేది సూరిబాబు గారనే కాంపౌండరు. ఆ మందు చిక్కగా ఉంటుంది, బాగా నొప్పి. ఆయన సీసాని గుప్పిట్లో పట్టుకుని కాసేపు వెచ్చబెట్టేవారు, నొప్పి తగ్గుతుందని. ఆ కాసేపూ పిల్లతో ఊళ్ళో కుక్కల గురించి మాట్లాడేవారు. ఖాళీ సీసా దానికిచ్చేసేవారు. మాధవి వాటిని కిటికీలో వరసగా పేర్చుకునేది.

రోజూ పొద్దున్న స్కూలుకి వెళ్ళేముందు నా రెండు వేళ్ళూ దాని గుప్పిట్లో పెట్టేవాణ్ణి. పట్టుకో అనేవాణ్ణి. పది అంకెలు లెక్కపెట్టేవాళ్ళం. మొదట్లో రెండు దాకా కూడా నిలిచేది కాదు. ఉగాదినాటికి నాలుగు. ఏప్రిల్ చివర్లో ఏడు. ఒకరోజు పొద్దున్న అలా పట్టుకునుండగా, "నాన్నకి తెలియలేదమ్మా" అన్నాను. అంతకుమించి ఏమనాలో నాకు చేతకాలేదు.

"నాకూ తెలియలేదు కదా నాన్నా" అంది మాధవి. "నేనే సరిగ్గా రాయట్లేదనుకున్నాను."

నేను సైకిలెక్కి, ఊరు దాటాక గట్టు మీద దిగి ఏడ్చాను. ఇంట్లో ఏడవడం నా అలవాటు కాదు.

మే నెలలో కళ్ళు నిలిచాయి. ఎప్పుడు ఆగిపోయాయో ఎవరమూ చూడలేదు. ఒకరోజు మా అమ్మే, "పిల్ల రెప్ప ఆడించట్లేదురోయ్" అంది. అందరం వెళ్ళి చూశాం. అంతమందిమి ఒక్కసారి మొహంలోకి చూసేసరికి అది సిగ్గుపడి దుప్పటి కప్పేసుకుంది.

ఇప్పుడది తొమ్మిదో తరగతి. మూడువారాలకొకసారి ఇంజెక్షను ఇంకా చేయిస్తున్నాం, ఒక్కటీ తప్పలేదు. లీకు అంతే ఉంది, పెరగలేదు. ప్రతి ఏడూ కాకినాడ వరండాలో ఇప్పటికీ భయంభయంగానే కూర్చుంటాం. బల్ల మీద మధ్యలో సంచీ మాత్రం పెట్టుకోవట్లేదు. డాక్టరు పదిరోజులు వాడమన్న మందు పదిరోజులూ వాడండి. ఒళ్ళు వేడి చేస్తే మజ్జిగ తాగొచ్చు. నేను చెప్పగలిగిన సలహా ఇంతే.

కానీ ఆ ఏడు జూలైలో జరిగింది చెప్పకపోతే ఇది పూర్తవదు.

మాధవి స్కూలుకి తిరిగొచ్చింది, నాలుగో తరగతిలోకి. కొత్త చూచివ్రాత పుస్తకం ఇచ్చాను. స్కేలు ఇంటి అటక మీద పడేశాను. ఎర్ర పెన్ను మిగతా పిల్లలకి వాడుతూనే ఉన్నాను, మునుపటి కన్నా కాస్త తక్కువగా. దాని పేజీకి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆడేది కాదు. చిన్న టిక్కు పెట్టి పక్కన పెట్టేసేవాణ్ణి, తేదీ కూడా వేసేవాణ్ణి కాదు. రాత కొన్నిరోజులు బాగుండేది, కొన్నిరోజులు కాదు. ఏదైనా టిక్కే. రెండు వారాలు అలా గడిచింది.

ఒకరోజు మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"మాస్టారూ, అందరికీ ఎర్ర ఇంకుతో రాస్తున్నారు. నాకు రాయట్లేదేంటండీ?"

"బాగానే రాశావు కదా" అన్నాను.

"బాలేదండి. ఇదిగో, ఇక్కడ గీత దాటిపోయిందండి. ఇక్కడ కూడాండి." వేలు పెట్టి చూపించింది. తర్వాత గొంతు తగ్గించింది. "నాకింకా తగ్గలేదాండీ?"

తగ్గిందని చెప్పినా నమ్మే మొహం కాదు. రెండు వారాలుగా నేను పెట్టిన ప్రతి టిక్కునీ ఆ పిల్ల ఒక డాక్టరు చీటీలా చదువుకుందని అప్పుడు తెలిసింది. తరగతంతా చూస్తోంది. నేను బల్ల మీదుగా నా రెండు వేళ్ళూ చాపాను. దానికి ఆ లెక్క తెలుసు. పట్టుకుంది. పైకి లెక్కపెట్టలేదు, ఇద్దరం లోపలే లెక్కపెట్టుకున్నాం. పది దాటింది. ఇరవై దాకా పోనిచ్చాను. గుప్పిట ఎక్కడా సడలలేదు. కళ్ళు నా మొహం మీదే నిలిచి ఉన్నాయి.

"మరి గీత ఎందుకు దాటింది?" అని అడిగాను.

తల దించుకుంది. "తొక్కుడుబిళ్ళకి మంచి పెంకు దొరికిందండి. ఇంటర్వల్లో ఆడదామని తొందరగా రాసేశానండి."

నేను ఎర్ర పెన్ను మూత తీశాను. రాయడానికి కొంచెం సేపు పట్టింది, అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయి. 'నిర్లక్ష్యం. మరల వ్రాయుము' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను.

మాధవి ఆ ముక్క రెండుసార్లు చదువుకుంది. పుస్తకం మూయకుండా, ఇంకు ఆరకుండా, పక్క గదిలోకి పరిగెత్తింది. పరిగెత్తకు అని అరవబోయి ఊరుకున్నాను. గోడ అవతల దాని గొంతు స్కూలంతా వినిపించింది.

"సత్యవతి టీచరుగారండీ, చూశారాండీ! మా నాన్న నాకు నిర్లక్ష్యం రాశారండీ!"